పారుతున్న పైపుకు తూటు

పెనుకొండ దగ్గర ఆ గుంతలోకి దిగిన రోజున నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. పాలిటెక్నిక్ చదివి, నీళ్ళ పైపుల పనులు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో ఆరేళ్ళుగా సైట్ ఇంజనీరుగా ఉన్నాను. ఆఫీసు, సామాను గోడౌను ధర్మవరంలో. ఇల్లు హిందూపురంలో. వారంలో సగం రోజులు నా మధ్యాహ్నం అన్నం రైల్లోనే అయ్యేది.

మా నాయన హిందూపురంలో ప్లంబరు. మా దూదేకుల ఇళ్ళలో మగవాళ్ళందరూ పరుపులు కుట్టే పనిలో ఉంటే, నాయన ఒక్కడూ చిన్నప్పుడే పైపుల పనిలోకి పోయాడు. వీధిలో పోయే బీడు పైపుకు, అంటే పోత ఇనుప పైపుకు, లోపల నీళ్ళు పారుతుండగానే, చేతి మిషనుతో తూటు పెట్టి ఇంటికి కొళాయి ఇచ్చేవాడు. పని ముగించి ఇంటికొచ్చేసరికి అంగీ నిండా మసి. అమ్మ జాకెట్లు కుట్టేది. నేను ఇంజనీరు అయ్యానని నాయన ఎవరితోనూ గొప్పగా చెప్పుకోలేదు కానీ, నా మొదటి హెల్మెట్‌ను మాత్రం గోడకు మేకు కొట్టి తగిలించాడు.

నీళ్ళు ఆపకుండా పెద్ద పైపుకు తూటు పెట్టి కొత్త పైపు కలపడాన్ని మా పనిలో హాట్ ట్యాప్ అంటారు. పారేది చన్నీళ్ళే అయినా పేరు అదే. ఆ వేసవిలో మాకొచ్చిన పని అలాంటిది. హిందూపురానికి తాగునీళ్ళు తీసుకుపోయే పదహారంగుళాల పైపు పెనుకొండ పక్కనుంచి పోతుంది. అక్కడ కొత్తగా పెరిగిన కాలనీల కోసం ఒక ట్యాంకు కట్టారు. ట్యాంకు నుంచి ఆరంగుళాల పైపు కూడా మెయిను దాకా వేసేశారు. ఆ రెండూ కలపడమే మిగిలింది. లైను ఆపి కలపాలంటే మైళ్ళ పొడుగునా పైపు ఖాళీ చేయాలి. కోయాలి, కలపాలి, మళ్ళీ నింపి గాలి తీయాలి. ఐదు రోజులు పడుతుంది. మే నెలలో ఐదు రోజులు హిందూపురానికి చుక్క రాకపోతే ఏమవుతుందో మా వీధిలో పుట్టినదాన్ని నాకొకరు చెప్పనక్కర్లేదు. అందుకే ఆపకుండా చేయాలన్నారు.

మెయిను ఉక్కు పైపు అని డ్రాయింగులో ఉంది. అందుకు తగ్గట్టు మా మేనేజరు ఫిట్టింగు ఎంచారు. ఆయన కోస్తా మనిషి. ఉక్కు వెల్డింగులో ఆయన మాటకు తిరుగులేదు. ఉక్కుతోనే చేసిన రెండు సగాలను పైపు చుట్టూ తొడిగి, పైపుకే వెల్డింగు చేసేసి, ఆ పైన మిషను బిగించి తూటు పెట్టాలని ఆయన ఆలోచన. పైపు నిజంగా ఉక్కుదైతే అది మంచి పద్ధతే.

కూలీలు గుంత తవ్వి పైపు బయటపెట్టిన మధ్యాహ్నం నేను దిగాను. వైరు బ్రష్షుతో ఒక మూరెడు మేర తోమించాను. చుట్టుకొలత చూద్దామంటే సైటులో ఉన్న ఇనుప టేపు వంగలేదు. నా సంచిలో అమ్మ కుట్టుపని టేపు ఒకటి ఎప్పుడూ ఉండేది. దాన్ని పైపు చుట్టూ తిప్పాను. పదహారంగుళాల ఉక్కు పైపుకు నూట ఇరవై ఏడున్నర సెంటీమీటర్లు, కాస్త అటూ ఇటూ రావాలి. నూట ముప్పై ఐదుకు రెండు గీతలు తక్కువ వచ్చింది.

మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ అంతే.

మేనేజరుకు ఫోన్ చేశాను.

"పైన పూత ఉంటుందమ్మా. బాగా తోమి కొలువు," అన్నారు.

"ఇనుము తేలేదాకా తోమించాను సార్."

"వెల్డర్లు ఎల్లుండి వస్తున్నారు. సామాను లారీ ఎక్కేసింది. ఇప్పుడు అనుమానాలు పెట్టకు."

ఫోన్ పెట్టేశాక గుంత గట్టున కూర్చుని ఆ పైపును చూస్తూ ఉండిపోయాను. ఏడు సెంటీమీటర్ల తేడా పూత వల్ల రాదు. ఇది వేరే రకం పైపు. పాత బీడు పైపుల కొలత అలా ఉంటుందని పుస్తకంలో చదివాను కానీ, అంత పెద్ద బీడు పైపును నేను ఎన్నడూ చేత్తో ముట్టుకోలేదు. ముట్టుకున్న మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు. నాయనకు ఫోన్ చేశాను.

మర్నాడు పొద్దున రైలుకు నాయన పెనుకొండలో దిగాడు. చేతిసంచిలో ఒక ఆకురాయి, గుడ్డపీలిక, ఎందుకైనా మంచిదని అమ్మ కట్టిచ్చిన రాగిసంకటి. గుంతలోకి దిగి, పైపు మీద చెయ్యి పెట్టి, ఎద్దు వీపు నిమిరినట్టు ఒకసారి నిమిరాడు. తర్వాత ఆకురాయితో ఒక మూల నాలుగుసార్లు మెల్లగా రాశాడు. రాలిన పొడిని బొటనవేలికి అద్ది నాకు చూపించాడు. కాటుక మాదిరి నల్లగా ఉంది.

"ఉక్కయితే తళతళా మెరుస్తాది పాపా. ఇట్ల మసి రాలదు. ఇది బీడు. యానాటిదో పాత లైను ముక్క ఈడ ఉండిపోయుండాది."

"కచ్చితంగానా నాయనా?"

"నలబై ఏండ్లు నా అంగీల మీద ఈ మసే గదా మీ అమ్మ ఉతికింది?"

వెల్డర్లు వచ్చి ఆ పైపు మీద మంట పెట్టి ఉంటే! బీడుకు ఉక్కులాగా సాగే గుణం లేదు. పైన వెల్డింగు వేడి, లోపల చన్నీళ్ళ పరుగు. మధ్యలో ఉన్న ఇనుము గాజుగ్లాసులాగా పగిలేది. ఆ గుంతలో ఉన్నవాళ్ళ సంగతి ఎవరు చెప్పగలరు?

మర్నాడు వెల్డర్లతో పాటు మేనేజరు వచ్చారు. నాయనను కూడా మళ్ళీ రమ్మన్నాను. పని మొదలుపెట్టే కాగితం మీద సైట్ ఇంజనీరు సంతకం ఉండాలి. నేను పెట్టనన్నాను.

"ఇది బీడు పైపు సార్. మా నాయన చూసి చెప్పినాడు. నేనూ కొలిచినాను."

ఆయన గుంత పక్కన నిలబడ్డ మా నాయన వైపు చూశారు. "మీ నాన్నగారు కొళాయిలు వేస్తారు కదమ్మా. ఇది కొళాయి కాదు, పదహారంగుళాల మెయిను."

నాయన తల వంచుకుని ఆకురాయిని గుడ్డతో తుడుచుకుంటున్నాడు. నేను మేనేజరు వైపు తిరిగాను.

"మీరు ఒక్కసారి దిగి రాసి చూడండి సార్. ఉక్కే అని మీరంటే, ఆ మాట కాగితం మీద రాసి మీరు సంతకం పెట్టండి. నేను మాత్రం పెట్టను."

ఆ మాట అన్నాక నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. మేనేజరు ప్యాంటు కాళ్ళు పైకి మడుచుకుని గుంతలోకి దిగారు. నాయన ఆకురాయి అందించాడు. ఆయన రాశారు. వేలికి అద్దుకుని చూసుకున్నారు. అద్దాలు తీసి మళ్ళీ చూశారు. పైకి వచ్చి వెల్డర్లతో, "మీరు ధర్మవరం వెళ్ళిపోండి," అన్నారు. నాతో, "లైను ఆపి కోయడం తప్ప దారి లేదు," అన్నారు.

"పైపు చుట్టూ బోల్టులతో బిగించే టీ ఫిట్టింగు దొరికితే ఆపనక్కర్లేదు సార్. వెల్డింగే ఉండదు."

"ఈ కొలతకా? ఎక్కడుంది?"

"వెతుకుతాను."

"పది రోజులు. ఆ తర్వాత హిందూపురంలో నీళ్ళు బందని చాటింపు వేయించక తప్పదు."

ఆ రోజే ధర్మవరం పోయాను. గోడౌను చూసుకునే పెద్దాయన రెండు రకాల సామాను చూపించాడు. ఒకటి ఉక్కు పైపు కొలతకు చేసిన రెండు సగాల టీ, పక్కకు మూతితో ఇంగ్లీషు T అక్షరంలా ఉంటుంది.

"ఇంగ కొంచెం బలంగా బిగిస్తే సరిపోతాది గదమ్మా," అన్నాడు.

కొలిచి చూపించాను. మన పైపు దానికంటే లావు. రెండు సగాలు దగ్గరికే రావు. చిన్న గాజు పెద్ద చేతికి ఎక్కదు, ఎంత సబ్బు రాసినా.

రెండోది సాడిల్. జీను లాంటిదే. పైపు మీద ఒక పక్కన కూర్చుంటుంది, వెనక నుంచి పట్టీలతో బిగిస్తారు. తూటు చుట్టూ మాత్రమే రబ్బరు ఉంటుంది. అది మా పైపుకు చక్కగా సరిపోతుంది. గోడౌనులోనే ఉంది. మర్నాడే పని మొదలుపెట్టొచ్చు. పెద్దాయన దాన్ని తుడిచి నా ముందు పెట్టాడు. తీసుకుపోదామనే అనిపించింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోవచ్చు కదా అనిపించింది. ఎందుకో చెయ్యి రాలేదు.

ఆదివారం పొద్దున ఇంట్లో అదే మాట చెప్పాను. నాయన ఉగ్గాని తింటున్నాడు.

"సాడిలే వేయి పాపా. నా చేతి మీద ఎన్నో వేసినా. ఒక్కటీ కారలే."

"నువ్వు వేసినవి ముక్కాలు అంగుళం, అంగుళం నాయనా. ఇది ఆరంగుళాల తూటు."

"తూటు పెద్దదయితే సాడిలూ పెద్దదే గదా?"

"పైపు పాతది గదా నాయనా. తూటు అంచులో సన్నటి చీలిక వచ్చిందనుకో, అది రబ్బరు దాటి పోతాది. దానికి తోడు వాల్వు, మిషను పక్కకు వేలాడతాయి. ఇద్దరు మనుషుల బరువు. ఆ బరువంతా ఒకే పక్క లాగుతాది. చుట్టూ పట్టుకునే టీ అయితే పైపును కౌగిలించుకున్నట్టు ఉంటాది. రెండు కొనల్లోనూ రబ్బరు ఉంటాది. లోపల పైపు చీలినా నీళ్ళు బయటికి రావు."

నాయన తినడం ఆపాడు. ఆయనకు ఎదురు చెప్పడం నాకది మొదటిసారి. అందులోనూ ఆయన పని గురించి. నాలుగు రోజుల ముందు ఆయన మాట పట్టుకునే కదా మేనేజరు ముందు నిలబడ్డాను. అమ్మ మిషను తొక్కడం ఆపి మా ఇద్దరి వైపూ చూసింది. నాయన చెయ్యి కడుక్కుని బయటికి పోయి కాసేపు వాకిట్లో నిలబడి వచ్చాడు.

"ఆరంగుళాల తూటు నేనెప్పుడూ పెట్టలే," అన్నాడు. "పెట్టనిదాని గురించి నాకేల? నీకు తోచిందే చెయ్. ఆ పొద్దుకు నేనూ వస్తా."

బెంగళూరులో ఇలాంటి టీలు చేసే చిన్న ఫ్యాక్టరీ ఒకటి దొరికింది. ఫోన్ ఎత్తినాయన సామాను సంగతి చెప్పకుండా ప్రశ్నలు వేశాడు. పైపు ఏ లోహం? చుట్టుకొలత ఎంత? లోపల ఒత్తిడి ఎంత? తాగే నీళ్ళా? అన్నిటికీ చెప్పాను. తాగే నీళ్ళే కాబట్టి రబ్బరు అందుకు పనికొచ్చే రకమే కావాలని నేనే అడిగాను. చివరికి, "పైపు గుండ్రంగానే ఉందా మేడం?" అన్నాడు. అది నేను కొలవలేదు. మర్నాడు మళ్ళీ గుంతలోకి దిగాను. పైపుకు రెండు పక్కలా రెండు చెక్కలు నిలబెట్టి మధ్య దూరం కొలిచాను. పైనా కిందా పెట్టి కొలిచాను. పాత పైపు కొంచెం అణిగి, కోడిగుడ్డు వాటంలో ఉంది. తేడా మూడు మిల్లీమీటర్లు. "అంతవరకు మా రబ్బరు సర్దుకుంటుంది," అన్నాడాయన. అప్పుడు ఆర్డరు పెట్టాం.

టీకి, మిషనుకు మధ్యన బిగించే వాల్వు దగ్గర మళ్ళీ చిక్కు వచ్చింది. గోడౌను నుంచి పంపిన వాల్వులో మధ్యన ఒక రేకు తిరుగుతుంది. తెరిచినా ఆ రేకు దారికి అడ్డంగానే నిలబడి ఉంటుంది. మామూలు లైనుకు అది చాలు. కానీ తూటు పెట్టే గుండ్రటి బ్లేడు ఆ వాల్వు గుండానే లోపలికి పోవాలి, తిరిగి రావాలి. రేకుకు తగిలి నిలిచిపోతే అంతే సంగతులు. వెనక్కి పంపి, తలుపు పూర్తిగా పైకి లేచే వాల్వు తెప్పించాను. "ఆ పాప కన్ను చానా చెడ్డది," అన్నాడట గోడౌను పెద్దాయన. ఆ మాట నాకు నచ్చింది.

తొమ్మిదో రోజుకు టీ వచ్చింది. నీలిరంగు పూతతో, ఒక్కో సగం ఇద్దరు మోయాల్సినంత బరువు. పదో రోజు పొద్దున ఎండ ఎక్కకముందే బిగించాం. వాల్వు కింద సిమెంటు దిమ్మె ఆనించాం. మేనేజరు వచ్చి గొడుగు కింద నిలబడ్డారు. నాయన కాస్త దూరంగా కూర్చున్నాడు.

తూటు పెట్టకముందే టీకి, పైపుకు మధ్య నీళ్ళు నింపి చేతి పంపుతో ఒత్తిడి పెట్టి చూడాలి. అక్కడ కారిందంటే తూటు పెట్టాక ఏం చేసినా ఆగదు. మెయినులో ఆరు కిలోల ఒత్తిడి ఉంది. మేము తొమ్మిది దాకా ఎక్కించాం. మీటరు ముల్లు నిలబడింది. నేను ఊపిరి వదిలేలోపే మెల్లగా దిగడం మొదలుపెట్టింది. టీ కింది అంచున ఒక చుక్క వేలాడింది. దాని వెనక ఇంకొకటి.

మేనేజరు గడియారం చూసుకున్నారు. "బోల్టులు ఇంకా బిగించమంటావా?" అన్నారు.

"వద్దు సార్. బలవంతంగా బిగిస్తే పాత పైపు తట్టుకోదు. విప్పుదాం."

విప్పించాను. వెల్లకిలా పడుకుని పైపు అడుగున వేలితో తడిమాను. చుక్క కారిన చోటికి సరిగ్గా పైన చింతగింజ సగమంత బొడిపె. పైపు పోతపోసిన నాడు మిగిలిపోయిన ఇనుము. నా బ్రష్షుకూ కంటికీ దొరకలేదు. నాయన ఆకురాయి అడిగి తీసుకున్నాను. తాను చేస్తానని నాయన లేచాడు.

"నేనే చేస్తా నాయనా. నువ్వు చెప్పు."

"ఒక్క దిక్కే రాయి. ముందుకూ వెనక్కూ లాగాకు. మెల్లగా. అద్దో, అట్ల."

అరగంట పట్టింది. కంట్లో మసి, నోట్లో మసి. మళ్ళీ బిగించాం. మళ్ళీ తొమ్మిది కిలోలు. ఈసారి ముల్లు గీత మీద మేకు కొట్టినట్టు నిలిచిపోయింది. అరగంట చూశాం, కదల్లేదు. మేనేజరు గొడుగు మూసి గుంత అంచుకు వచ్చి కూర్చున్నారు.

మిషను తిప్పే మనిషి బెంగళూరు నుంచి వచ్చాడు. కన్నడం, తెలుగు కలిపి మాట్లాడేవాడు. "స్టార్ట్ మాడ్లా అమ్మా?" అన్నాడు. వాల్వు పూర్తిగా తెరిచి ఉందని నా చేత్తో తిప్పి చూసుకుని, సరే అన్నాను. బ్లేడు లోపలికి పోయింది. పైకి ఏమీ కనిపించదు. సన్నటి గరగర శబ్దం, అంతే. ఒక చెయ్యి టీ మీద, ఒక చెయ్యి పైపు మీద పెట్టుకుని నిలబడ్డాను. లోపల హిందూపురం పోయే నీళ్ళ పరుగు అరచేతికి తెలుస్తోంది. గరగర కాస్తా హఠాత్తుగా తేలికైంది.

"ఆయ్తు, అయిపోయింది," అన్నాడతను.

బ్లేడు వెనక్కి లాగాడు. నేను వాల్వు మూశాను. మిషను విప్పేటప్పుడు అందులో నిలిచిన నీళ్ళు ఒక బకెట్టంత మా కాళ్ళ మీద పడి చల్లగా పారాయి. ఆ తర్వాత చుక్క లేదు. మిషను ముక్కున, కోసిన ఇనుప బిళ్ళ చెక్కు చెదరకుండా వేలాడుతోంది. పూరీ అంత బిళ్ళ, పైపు వంపుతో సహా. కూలీలు ఈలలు వేశారు. నేను ఏడ్చానో నవ్వానో గుర్తులేదు. రెండూ చేసి ఉంటాను.

అమ్మకు ఫోన్ చేశాను.

"కొళాయి వస్తాండాదా అమ్మా?"

"వస్తాండాది. ఈ పొద్దు మన వంతే గదా. ఏల అడుగుతాండావు? బిందె నిండిపోతాండాది, పెట్టేయ్."

నేను ఆ మాటే గట్టిగా అందరికీ చెప్పాను. హిందూపురంలో బిందె నిండిపోతోందట! మేనేజరు పెద్దగా నవ్వారు. ఆయన అలా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. బిళ్ళను మిషను నుంచి తీయించి, తీసుకుపోయి మా నాయన చేతిలో పెట్టారు.

"ఆ రోజు నోరు జారాను. మనసులో పెట్టుకోకండి," అన్నారు.

నాయన కంగారుగా లేచి నిలబడ్డాడు. "అయ్యో, పెద్దమాట సార్. కొళాయిలు వేసేవాణ్ణే గదా నేను," అన్నాడు. బిళ్ళను మాత్రం తిరిగి ఇవ్వలేదు.

ట్యాంకు పైపు కలిపి వాల్వు తెరిచాక, సాయంత్రానికి ట్యాంకులో నీళ్ళు పడ్డాయి. కాలనీ ఆడవాళ్ళు నలుగురు నిచ్చెన కింద నిలబడి లోపల పడే చప్పుడు విన్నారు. ఒకామె నన్ను చూసి, "నువ్వేనామ్మే నీళ్ళు తెచ్చింది?" అని గడ్డం పట్టుకుంది. నల్లటి మసి ఆమె వేళ్ళకు అంటింది.

తర్వాత కనగానపల్లి వైపు పనిలో ఫిట్టింగులు ఎంచే బాధ్యత మొత్తం మేనేజరు నాకే అప్పగించారు. ఇప్పుడు కూడా ఎక్కడైనా పాత పైపు బయటపడితే ఫొటో పంపి, "ఏది వేద్దామంటావమ్మా?" అని అడుగుతారు. నేను ముందు చుట్టుకొలత పంపమంటాను.

నాయన ఇప్పుడు పని మానేశాడు. పొద్దున్నే హిందూపురంలో మా వీధి చివర టీ బంకు దగ్గర కూర్చుంటాడు. మొన్నొక రోజు నేను రైలుకు పోతూ అటుగా వెళ్ళాను. ఎవరో కొత్త మనిషికి చెప్తున్నాడు.

"పైపు నిండా నీళ్ళు పోతాంటే మా పాప దానికి ఇంత తూటు పెట్టిందబ్బా. ఒక్క బొట్టు బయటికి రాలే."

"ఒక బకెట్టు పోయినాయి నాయనా," అన్నాను వెనకనుంచి.

నాయన వెనక్కి తిరిగి చూసి, ఆ మనిషి వైపు తిరిగి, "అది లెక్కలోకి రాదు," అన్నాడు.